తెలుగు ఫాంటు నమూనా పేజీలో ఏ పాఠం పెట్టాలి?

నల్లసిరా (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. పుస్తకాల కోసం ఓ తెలుగు ఫాంటు గీస్తున్నాను. శీర్షికలకు, పోస్టర్లకు కాదు, పేజీల తరబడి చదువుకునే మామూలు పాఠానికి. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు దాదాపు కుదిరాయి. ఇక ప్రచురణకర్తలకు, పత్రికలవాళ్లకు పంపడానికి నమూనా పత్రం తయారుచేయాలి. అందులో ఏం రాయాలన్నది తేల్చుకోలేక మీ ముందుకొచ్చాను.

ఇంగ్లీషువాళ్లకు నక్క కుక్క మీదుగా దూకే వాక్యం ఉంది. ఇరవై ఆరు అక్షరాలూ అందులోనే వచ్చేస్తాయి, పని అయిపోతుంది. మన లిపికి అది చాలదు. క చూపించినంత మాత్రాన కి, కూ, కృ, కౌ చూపించినట్టు కాదు. క్క, క్ర, క్ష్మ ఎలా ఉంటాయో అసలే తెలియదు. గుణింతాలు, ఒత్తులు కలిపి లెక్కేస్తే వేలల్లో రూపాలు. వాటన్నిటినీ ఏ ఒక్క వాక్యమూ మొయ్యలేదు.

అలాగని అ ఆ ఇ ఈ వరస పెట్టి వదిలేయడం నాకు ఇష్టం లేదు. అక్షరాలు విడివిడిగా నిలబడితే ప్రతి ఫాంటూ బాగానే ఉంటుంది. అవి పక్కపక్కన చేరి మాటైనప్పుడు, లైను కింద లైను పేర్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. మీరైతే ఏం పెడతారు? ఎందుకు?

బెజవాడ డీటీపీ (విజయవాడ)

మంచి ప్రశ్న తమ్ముడూ. నేను కంప్యూటర్లో పేజీలు పేర్చే ఈ డీటీపీ పనిలోనే పెరిగినవాణ్ణి కాబట్టి నా వైపు నుంచి చెప్తాను. ఏ ఫాంటు నమూనా తెరిచినా మొదట కనబడేది ‘తెలుగు’ అనే మాట, పేజీలో సగం నిండేంత సైజులో. ఆ మాటను ఒకసారి పరీక్షగా చూడు. తె, లు, గు. ఒత్తు లేదు, గుడి లేదు, సున్నా కూడా లేదు. ఒక ఎత్వం, రెండు కొమ్ములు, అంతే. దాన్ని ఏ ఫాంటులో పెట్టినా ముద్దుగానే ఉంటుంది. అది చూసి ఫాంటు కొన్నవాడు మర్నాడు ‘రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులు’ అని కొట్టేసరికి తెల్లబోతాడు.

మాకు రోజూ తలనొప్పి లైన్ల మధ్యే. పై లైనులో ‘స్త్రీ’ ఉందనుకో. స కింద తవత్తు, దానికి తోడు రవత్తు. సరిగ్గా ఆ చోటు కిందే రెండో లైనులో ‘కీర్తి’ వచ్చిందనుకో. పైనుంచి దిగిన ఒత్తూ, కిందినుంచి లేచిన గుడిదీర్ఘమూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. లీడింగ్, అంటే లైన్ల మధ్య దూరం, పెంచితే పేజీలు పెరుగుతాయి, పబ్లిషర్ ఒప్పుకోడు. తగ్గిస్తే అక్షరాలు గుద్దుకుంటాయి. నీ నమూనాలో ఒక్క చోటైనా కావాలని ఆ పరిస్థితి కల్పించు. అక్కడ తట్టుకుంటే ఆ ఫాంటును కళ్లు మూసుకుని కొంటాను.

ఇంకొక మాట. మా ఊళ్లో ఫాంట్లకు చేతినిండా పని దొరికేది శుభలేఖల్లో. ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’, ‘చి॥ల॥సౌ॥’. ఆ రెండు నిలువు గీతలు చాలా తెలుగు ఫాంట్లలో ఉండవు. వేరే ఫాంటు నుంచి వచ్చి కూర్చుంటాయి, మందం కలవదు. నీది పుస్తకాల ఫాంటే అయినా వాటిని గీసి ఉంచు, నమూనాలో చూపించు.

కోడ్‌గూడు (బెంగళూరు)

డీటీపీ గారు చెప్పిన నిలువు గీతల సమస్యకు కారణం ఉంది. కంప్యూటర్ల కోసం ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పట్టిక యూనికోడ్, అందులో ఒక్కో లిపికి ఒక్కో బ్లాకు. యూనికోడ్‌లో వాటికి తెలుగు బ్లాకులో చోటు లేదు. దేవనాగరి బ్లాకులో ఉన్నవాటినే మిగతా భారతీయ లిపులూ పంచుకుంటాయి. తెలుగు బ్లాకు వరకే చూసుకుని గీసేవాళ్ల చేతిలో అవి జారిపోతాయి. రూపాయి గుర్తు కూడా అంతే. అది యూనికోడ్‌లోకి 2010లో వచ్చింది. పాత ఫాంటును ఎవరూ మళ్లీ ముట్టుకోకపోతే అందులో ఉండదు. ధరల పట్టికలో ఆ ఒక్క గుర్తు పరాయిదిలా కనబడుతుంది.

ఇక వెబ్‌లో తెలుగు ఫాంట్లకు నమూనాగా ఎక్కువగా కనబడేది ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలోని మొదటి అధికరణం. 1948 నాటి ఆ ప్రకటన వందల భాషల్లో దొరుకుతుంది కాబట్టి అన్ని లిపులకూ అదే అతికిస్తారు. మన అనువాదం ఇలా మొదలవుతుంది: ‘ప్రతిపత్తిస్వత్వముల విషయమున మానవులెల్లరును జన్మతః స్వతంత్రులును సమానులును నగుదురు.’

భావం గొప్పది, దాని గురించి నాకు రెండో మాట లేదు. కానీ అక్షరాల వైపు నుంచి చూడండి. ఈ వాక్యంలో క లేదు. చ లేదు. ట నుంచి ణ వరకు ఒక్క అక్షరమూ లేదు. ఖ, ఘ, థ, ధ, భ లాంటివి ఒక్కటీ లేవు. దీర్ఘాల్లో ‘మా’ లాంటివి తప్ప కీ, కూ, కే, కో తరహా గుణింతం ఒక్కటీ లేదు. ‘లును, లును, నగుదురు’ అంటూ కొమ్ములు మాత్రం వరసకట్టాయి. పైగా ఈ భాషలో ఈ రోజు ఏ పత్రికా రాదు, ఏ యాపూ రాదు. దీన్ని చూసి ఫాంటు ఎంచుకున్నవాడు తన పాఠం అందులో ఎలా ఉంటుందో చూడనట్టే.

పద్యప్రియ (రాజమహేంద్రవరం)

అందరికీ వచ్చిన పద్యం పెట్టడం మేలని నా అభిప్రాయం. ‘ఉప్పు కప్పురంబు’ అనగానే మిగతాది నోటికి వస్తుంది. పాఠం ఏమిటా అని వెతుక్కోవాల్సిన పని ఉండదు గనక కన్ను అక్షరం మీదే నిలుస్తుంది. కొత్త పాఠం పెడితే చూసేవాళ్లు కథలో పడిపోతారు, ఫాంటు సంగతి మర్చిపోతారు.

ఇంకో లాభం, అదే పద్యాన్ని ఎన్నో ఫాంట్లలో చూసి ఉంటాం కాబట్టి పోల్చుకోవడం తేలిక. నాలుగు పాదాలు, చక్కని ఆకారం, పేజీలో ఎక్కడ పెట్టినా అందం. వేమన అంటే కాదనేవాళ్లు ఎవరున్నారు?

నల్లసిరా

పద్యప్రియ గారూ, నేను మొదట అదే అనుకున్నాను. మీరు అన్నాక కాగితం ముందు పెట్టుకుని అక్షరాలు లెక్కేశాను. ఆ నాలుగు పాదాల్లో త లేదు. స లేదు. గ, ట, హ, ళ లేవు. ఖ, ఘ లాంటి ఒత్తి పలికే అక్షరాల్లో ‘విశ్వదాభిరామ’లోని భ ఒక్కటే. గుడిదీర్ఘం లేదు, ఐత్వం లేదు, ఔత్వం లేదు. ఒత్తులు చూస్తే ప్ప రెండుసార్లు, క్క, ణ్య, శ్వ. అన్నీ ఒకే అంతస్తు. త, స లేకుండా తెలుగులో రెండు వాక్యాలు రాయడం ఎంత కష్టమో ఆలోచించండి. రోజూ చదివే పేజీలో అవి అడుగడుగునా ఉంటాయి.

నోటికి వచ్చిన పాఠం గురించి మీరన్నదానికి నాది వేరే అభిప్రాయం. పద్యం తెలిసినప్పుడు మనం చదవం, అప్పజెప్పుకుంటాం. అక్షరం సరిగ్గా లేకపోయినా మనసు దాన్ని సరిచేసుకుని ముందుకు పోతుంది. నా ఫాంటులో ఏదైనా అక్షరం తడబాటు పెడితే అది చూసేవాళ్లకు తెలియాలి. తెలియని పాఠంలోనే అది తెలుస్తుంది.

పద్యప్రియ

లెక్క చూశాక త, స విషయం ఒప్పుకోక తప్పదు. కానీ పద్యాన్ని పూర్తిగా పక్కన పెట్టకండి. పుస్తకాల ఫాంటు అంటున్నారు, పద్యం లేని తెలుగు పుస్తకాలే ఉంటాయా? పాదం చివర విరుపు, పక్కన పద్యం రకం ‘ఆ.వె.’, ‘కం.’, ‘ఉ.’ అని వేయడం, కింద తాత్పర్యం చిన్న అక్షరాల్లో. ఆ అమరిక చూపించడానికైనా ఒక పద్యం ఉండాలి. ఏ పద్యం అన్నది మీరు లెక్క చూసుకునే ఎంచుకోండి.

పలకబలపం (నల్గొండ)

నేను ప్రాథమిక పాఠశాలలో చెప్తాను. పిల్లల కళ్లతో చూస్తే ఫాంటుకు పరీక్ష ఇంకోచోట ఉంది. ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంగా చదవడం.

ద, ధ, థ. మూడింటికీ ఒకటే ఒళ్లు. కింద చిన్న గీత వస్తే ధ, దానికి తోడు కడుపులో చుక్క వస్తే థ. ఆ చుక్క సన్నగా ఉంటే అచ్చులో మాయమవుతుంది, లావుగా ఉంటే కడుపు మొత్తం నల్లబడుతుంది. ప, ఫ కూడా అంతే. కి, కీ మధ్య తేడా గుడి చివర ఓ చిన్న మెలిక. ఎ, ఏ మధ్య తేడా పైన చిన్న మలుపు. ఇవన్నీ పెద్ద సైజులో బ్రహ్మాండంగా ఉంటాయి, పాఠ్యపుస్తకం సైజుకు వచ్చేసరికి పిల్లలు తడుముకుంటారు.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది మ, వు. మిగతా హల్లులకు కొమ్ము పక్కన వస్తుంది: కు, లు, ను. వ, ప, ఫ వరకు వచ్చేసరికి కింది నుంచి మొదలవుతుంది: వు, పు, ఫు. వ పక్కన కొమ్ము పెడితే అది మ అయిపోతుంది మరి. కొన్ని ఫాంట్లలో వు కొమ్మును పొట్టిగా గీస్తారు. అప్పుడు ‘మావూరు’ అన్న మాటను పిల్లవాడు ‘మామూరు’ అని చదువుతాడు. తప్పు పిల్లవాడిది కాదు.

నల్లసిరా గారూ, మీ నమూనాలో ‘కద, కథ’, ‘పదం, పథం’, ‘విడు, వీడు’, ‘మావూరు, మామూలు’ లాంటి జంటలు ఓ లైను పెట్టండి. టీచర్లు ముందు అదే చూస్తారు.

పాతప్రతులు (చెన్నై)

నమూనా పాఠం ఫాంటును ఎలా పైకెత్తి చూపిస్తుందో చెప్పడానికి ఓ పాత సంగతి. లండన్‌లో విలియమ్ కాస్లన్ 1734లో తన అక్షరాల నమూనా పత్రం అచ్చేశాడు. అందులో పాఠం ఇంగ్లీషు కాదు, లాటిన్. సిసెరో రోమన్ సభలో కాటిలైన్ మీద విరుచుకుపడిన ప్రసంగపు తొలి వాక్యం. తర్వాత వచ్చిన అక్షర నిర్మాతలు చాలామంది అదే వాక్యాన్ని పట్టుకున్నారు. లాటిన్‌లో ఇంగ్లీషులోలాగా కిందికీ పైకీ పొడుచుకొచ్చే అక్షరాలు తక్కువ. ఎమ్, ఎన్, యు లాంటివి ఎక్కువ. అందుకని లైను నున్నగా, సమంగా కనబడుతుంది. అదే ఫాంటులో ఇంగ్లీషు పేర్చితే ఆ నునుపు రాదు. డిజైనర్లు ఇప్పటికీ ఖాళీలు నింపడానికి వాడే లోరెమ్ ఇప్సమ్ కూడా సిసెరో రాసిన ఇంకో గ్రంథంలోని ముక్కలే, అర్థం లేకుండా చెదరగొట్టినవి. 1960ల్లో లెట్రాసెట్ కాగితాల (రుద్ది అక్షరాలు అంటించే షీట్ల) మీద అది జనంలోకి వచ్చింది.

ఫాంటు అందంగా కనబడే పాఠాన్నే ఏరుకునే ఆ జబ్బు మనకు అంటకూడదని నా కోరిక. తెలుగు అక్షరం తొలిసారి లోహంలోకి దిగింది మన దేశంలో కాదు. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆ తర్వాత సీరాంపూర్, మద్రాసు అచ్చుకూటాలు. ప్రతిచోటా అచ్చుకారుణ్ణి ఏడిపించినవి హల్లులు కాదు, కింద వేలాడే ఒత్తులే. అంటే మన లిపిలో నమూనా అంటే ముందు ఒత్తుల నమూనా.

కాబట్టి నా సలహా, కష్టమైన మాటలతోనే మొదలుపెట్టండి. లక్ష్మి, వైశిష్ట్యం, సామర్థ్యం, వాఙ్మయం, సంస్కృతి, దృష్ట్యా. వీలైతే ‘కార్త్స్న్యం’. సంస్కృతంలో సమగ్రత అని అర్థం. ర కింద నాలుగు హల్లులు ఒకదాని కింద ఒకటి. దాన్ని మోయగలిగిన ఫాంటుకు తిరుగుండదు.

బెజవాడ డీటీపీ

పెద్దాయన మాటకు ఎదురు చెప్పానని అనుకోవద్దు. కార్త్స్న్యం నేను ఇంతవరకు ఎవరికీ టైప్ చేసి పెట్టలేదు. నమూనా పేజీలో అది కనబడితే పబ్లిషర్ భయపడతాడు, ఇది సంస్కృత గ్రంథాల ఫాంటేమో అనుకుంటాడు. ‘ఇన్‌స్పెక్టర్’, ‘ఎక్స్‌ప్రెస్’, ‘ఇన్‌స్టాగ్రామ్’ మాత్రం రోజూ కొడతాను.

కోడ్‌గూడు

ఇద్దరిదీ నిజమే. అవి రెండు వేరు వేరు కాగితాలు. ఒకటి పరీక్ష కాగితం, అది గీసేవాడి బల్ల మీద ఉండాలి. కార్త్స్న్యం అక్కడ తప్పనిసరి. రెండోది ప్రదర్శన కాగితం, అది కొనేవాడి చేతిలోకి వెళ్తుంది. మొదటిదాంట్లో అన్నీ పాసైతేనే రెండోది బయటికి పంపాలి.

పరీక్ష కాగితం ఎంత ముఖ్యమో చెప్పడానికి 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లలో యాప్‌లు కూలిపోయాయి. జ్ఞా. మనం రోజూ రాసే జ్ఞా కాదు. జ్ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనబడని ఓ కోడ్ చేరిన రూపం. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఆపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఆ వరసతో ఒక్క నమూనా పాఠం పరీక్షల్లో ఉండి ఉంటే ప్రపంచమంతా గగ్గోలెత్తేది కాదు.

ఆ కనబడని కోడ్ మనకు అవసరమైనదే. ‘సాఫ్ట్‌వేర్’ రాయాలంటే ట్ తర్వాత అది పడాలి. లేకపోతే వ కిందికి దిగి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఫోన్‌లో, స్టేటస్‌లో, ఔట్‌లెట్‌లో, ఇంగ్లీషు మాట పక్కన తెలుగు విభక్తి చేరిన ప్రతిచోటా అదే. నల్లసిరా గారూ, పొల్లు గీత ఎలా ఉందో చూపించే మాటలు నాలుగైదు తప్పకుండా ఉండాలి. ఈ రోజు తెలుగు పేజీలో పొల్లు పాతకాలం కంటే చాలా ఎక్కువ.

కరీంనగర్ కాకా (కరీంనగర్)

అందరూ మంచిగ చెప్తున్నరు. నేను ఒక్కటి అడుగుతా. నమూనా అంటే ఎప్పుడూ పాఠ్యపుస్తకం తెలుగేనా? ఇప్పుడు తెలంగాణ భాషలో కథలు, నవలలు మస్తుగ వస్తున్నయి. ఆ పేజీలల్ల వచ్చే ఒత్తులే వేరు.

‘వచ్చిన్రు’, ‘పోయిన్రు’, ‘చెప్పిన్రు’. న కింద రవత్తు, పైగా కొమ్ము. పుస్తకం తెలుగులో ఈ న్రు ఎంత అరుదో చూడుండ్రి. మా కథ ఒక పేజీ చదివితే అది పదిసార్లన్నా తగుల్తది. ‘తెల్వదు’లో ల కింద వవత్తు. ‘ఎర్క’లో ర కింద కవత్తు. నేను చదివిన ఒక పుస్తకంల న్రు రవత్తు కొమ్ము తోకను తాకి ముద్దయింది. గీసినాయనకు ఆ మాట ఎదురుపడలేదు, ఎవరూ చూపియ్యలేదు, అంతే.

నమూనాకు నాది రెండు లైన్లు ఇస్తున్న, తీసుకో:

‘అంగడికి ఎప్పుడు పోయిన్రే?’
‘పొద్దుగాల్నే పోయినం. మక్కల ధర ఎంతనో ఎవ్వరికీ ఎర్క లేదు. అడిగితే తెల్వదన్నరు!’

ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, కొటేషన్లు కూడా వచ్చినయి. కథల పుస్తకాలు వేసేటోళ్లకు సంభాషణ ఎట్ల కనబడ్తదో చూడాలె గదా.

నల్లసిరా

కాకా, ఇది బంగారం. న్రు గీశాను గానీ కొమ్ముతో కలిపి చిన్న సైజులో పరీక్షించలేదు. ఇప్పుడే 10 పాయింట్లలో పెట్టి చూస్తున్నాను. రవత్తు కొంచెం ఎడమకు జరగాలి. ఆ రెండు లైన్లు నమూనాలో ఉంటాయి.

ఇంకో విషయం నాకు గీస్తున్నప్పుడు పట్టుకుంది. తలకట్టు. ఖ, జ, ట, ణ, బ, ల, ఱ లాంటివాటికి అది ఉండదు. ‘జలజ’ అని రాస్తే పైన ఒక్క టిక్కు లేదు, నున్నటి గుండ్రాలు. ‘కవచం’ అని రాస్తే వరసగా మూడు టిక్కులు. నమూనాలో ఒకే రకం మాటలు పడితే పేజీ ఉన్నదానికంటే నల్లగానో, తెల్లగానో అనిపిస్తుంది. ఫాంటు బరువు తెలియాలంటే రెండూ కలిసిన మామూలు వచనం, కనీసం ఏడెనిమిది లైన్లు ఉండాలి.

పుస్తకశాల (హైదరాబాద్)

కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట. నాకు పద్దెనిమిది సైజుల్లో ఒకే వాక్యం పేర్చిన కాగితం ఇవ్వకండి. దానితో నేను చేసేదేమీ లేదు. నిజమైన డెమ్మీ సైజు (మామూలు నవల సైజు) పేజీ ఒకటి, మార్జిన్లతో, పేజీ నంబరుతో, అధ్యాయం పేరుతో ఇవ్వండి. పేజీలో ఎన్ని లైన్లు పట్టాయి, లైనులో ఎన్ని మాటలు పట్టాయి, అది నాకు డబ్బు లెక్క. ఫాంటు కొంచెం వెడల్పైతే నవల ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట, పెరుగుతుంది.

పాఠం విషయానికొస్తే, చదివినవాళ్లు విషయం మీద వాదనకు దిగేది వద్దు. రాజకీయం వద్దు, దేవుడి స్తోత్రం వద్దు. అలాగని అర్థం లేని మాటల కుప్ప కూడా వద్దు. తెలుగు పాఠకుడికి అర్థం లేని తెలుగు చూపిస్తే అక్కడే ఆగి ఏమిటిది అని వెతుకుతాడు. ఓ ఊరి వార్తలాంటిది, ఓ కథ మొదటి పేరాలాంటిది అయితే హాయిగా చదువుకుంటూ పోతాడు. చదువుతూ పోతున్నప్పుడు ఫాంటు అడ్డం రాలేదంటే అదే నాకు కావాల్సిన జవాబు.

పాత గ్రంథాల సంగతి వేరు. మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ చేయించిన తెలుగు అక్షరాలు చూడండి. వాటికి పని కావ్యాలతో, కాబట్టి అరసున్న, బండి ఱ అక్కడ అవసరం. మన నవలకు వాటితో పనిలేదు. మీ ఫాంటు ఏ పుస్తకం కోసమో ఆ పుస్తకం మాటలే పెట్టండి.

కోడ్‌గూడు

పుస్తకశాల గారి మాట పట్టుకుని ఒక పేరా రాశాను. వార్తకూ కథకూ మధ్యలో ఉంటుంది. ఇంగ్లీషు మాటలు, అంకెలు, కొటేషన్లు, రెండంతస్తుల ఒత్తులు ఇరికించినట్టు కాకుండా వచ్చేలా చూశాను.

‘ఈ ఏడు ఆషాఢంలోనే కృష్ణకు వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారని తెలిసి ఊళ్లో స్త్రీలు, పిల్లలు, ఠీవిగా గొడుగు పట్టుకున్న ఓ పెద్దాయన, అందరూ ఒడ్డుకు చేరారు. “ఇంత హోరు వింటే గుండె ఝల్లుమంటోంది లక్ష్మీ, 2009 జ్ఞాపకం వస్తోంది” అన్నాడాయన. ఐదో తరగతి మనవరాలు ఫోన్‌లో ఫొటో తీసి, కథంతా రాసి స్టేటస్‌గా పెట్టేసింది. ఋతుపవనాలు బలంగా ఉన్నాయి, మేఘాలు ఛత్తీస్‌గఢ్ వైపు కదులుతున్నాయి. ఔట్‌ఫ్లో 3,20,000 క్యూసెక్కులు. దుఃఖించాల్సిన వార్త ఏదీ లేదు.’

ఙ, ఱ కావాలనే వదిలేశాను. ఋతుపవనాలను పత్రికలు రుతుపవనాలు అని వేస్తున్నాయి, అయినా ఋ కోసం ఉంచాను.

పలకబలపం

చాలా బాగుంది, పిల్లలకు డిక్టేషన్ ఇవ్వొచ్చు. వేలుతో ఒక్కో అక్షరం చూసుకుంటూ వచ్చాను. ధ లేదు, భ లేదు. ఔ అచ్చు ఉంది గానీ ఔత్వం లేదు. ‘పిల్లలు’ పక్కన ‘కౌలు రైతులు’ చేర్చండి, వరద వార్తలో వాళ్లు ఉండాల్సినవాళ్లే. ‘ఓ బుధవారం’ అంటే ధ వస్తుంది. చివర ‘భయపడాల్సిన, దుఃఖించాల్సిన’ అనండి.

మావూరు, మామూలు జంట మర్చిపోవద్దు.

పద్యప్రియ

‘గుండె ఝల్లుమంటోంది’ దగ్గర నాకు నిజంగానే ఆ హోరు వినబడింది. ఝ కోసం ఎవరైనా ఝంఝామారుతం అని పెడతారు, ఇది మనుషులు మాట్లాడే మాట. ఈ పేరా కింద తాత్పర్యం సైజులో కాకా ఇచ్చిన సంభాషణ, పక్క పేజీలో ఒక పద్యం. నాకు తృప్తిగా ఉంది.

పాతప్రతులు

‘లక్ష్మీ’లో క్ష కింద మవత్తు, పైన గుడిదీర్ఘం. ‘స్త్రీ’లో రెండు ఒత్తులు. ‘కృష్ణ’లో ఋత్వం, ణవత్తు. కార్త్స్న్యం లేకపోయినా పని జరుగుతుంది. అయితే ఆ పరీక్ష కాగితం ఎవరికీ పంపకపోయినా దాచిపెట్టండి. రేపు ఎవరైనా ఒక వ్యాకరణ గ్రంథం అచ్చు వేస్తామని వస్తే అది అడుగుతారు. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులాంటివి మళ్లీ వేయాలన్నా ౘ, ౙ (చ, జలను పళ్ల దగ్గర పలికే రూపాలు) కావాలి. యూనికోడ్‌లో వాటికి 2008 నుంచి చోటుంది, ఫాంట్లలోనే కరువు.

నల్లసిరా

అందరికీ ధన్యవాదాలు. టీచర్ గారి సవరణలతో పేరా ఇలా స్థిరపడింది:

‘ఈ ఏడు ఆషాఢంలోనే, ఓ బుధవారం, కృష్ణకు వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారని తెలిసి మావూరు మామూలుగా లేదు. స్త్రీలు, పిల్లలు, కౌలు రైతులు, ఠీవిగా గొడుగు పట్టుకున్న ఓ పెద్దాయన, ఊళ్లో వాళ్లందరూ ఒడ్డుకు చేరారు…’ మిగతాది కోడ్‌గూడు గారు రాసినట్టే. చివర ‘భయపడాల్సిన, దుఃఖించాల్సిన వార్త ఏదీ లేదు.’ ‘అందరూ’ పోయి ‘వాళ్లందరూ’ అయింది గానీ ‘అన్నాడాయన’లో అ ఉంది, సరిపోతుంది.

మొదటి పేజీ మీద ‘తెలుగు’ అని పెద్దక్షరాలు వెయ్యడం లేదు. దాని చోట ‘స్త్రీలు, కౌలు రైతులు’ పెద్దగా వేస్తాను. స్త్రీ కింద ఒత్తు ఎంత దిగుతుందో, కౌ పైన ఎంత లేస్తుందో చూసేవాళ్లకు ముందే తెలియాలి. రెండో పేజీ డెమ్మీ సైజులో ఈ పేరాతో మొదలయ్యే పాఠం, మూడో పేజీలో కాకా సంభాషణ, ఒక పద్యం తాత్పర్యంతో, జంట మాటల లైను, అంకెలు, ₹, ॥. పరీక్ష కాగితం విడిగా, అడిగినవాళ్లకు.

కరీంనగర్ కాకా

ఆ న్రు సరిజేసినంక ఒక్కసారి ఇక్కడ బొమ్మ పెట్టు. రవత్తు ఎడమకు జరిపితే ముందు అక్షరం కింద ఒత్తు ఉన్నప్పుడు దానికి తగుల్తదేమో చూడు. ‘వచ్చిన్రు’లనే చ్చి ఉన్నది.

బెజవాడ డీటీపీ

కాకా చెప్పింది చూసుకో, చ్చిన్రు కచ్చితంగా తగిలేలా ఉంది. అది తేలాక పీడీఎఫ్ పంపు. మా ప్రెస్‌లో న్యూస్‌ప్రింట్ మీద ఒకటి, మ్యాప్‌లితో కాగితం మీద ఒకటి తీసి, స్కాన్ చేసి ఇక్కడే పెడతాను. అదే పేరాను 9 పాయింట్లలో ఒక కాలమ్ కూడా పెట్టు. ఆషాఢంలో ఢ, కథలో థ చుక్క పూడుకుపోతాయో లేదో స్క్రీన్ మీద తెలియదు, న్యూస్‌ప్రింట్ మీద సిరా కొంచెం పాకాక తెలుస్తుంది.